దవాఖానలో తాతకు పట్టిన జ్వరం గురించి

హనుమకొండ,
ఆదివారం పొద్దున

చిన్నూ, పండూ,

మొన్న ఫోనులో పండు ఒక మాట అడిగాడు. "దవాఖానకు బాగు కావడానికే కదా పోతారు అమ్మమ్మా, మరి తాతకు అక్కడికి పోయాకే జ్వరం ఎందుకొచ్చింది?" అని. మీ అమ్మ ఫోను లాక్కొని "అమ్మమ్మను విసిగించకు" అంది. విసుగేం లేదు బిడ్డా. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో నర్సుగా చేశాను. అడగవలసిన ప్రశ్న అదే. ఫోనులో చెప్తే సగం పోతుందని రాస్తున్నాను.

తాత బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మంచం దిగలేడు కాబట్టి మూత్రానికి సన్నని గొట్టం పెట్టారు. ఐదో రోజు రాత్రి చలి, వణుకు, 103 జ్వరం. మూత్రాన్ని కల్చర్‌కు పంపారు. కల్చర్ అంటే, అందులో ఉన్న బ్యాక్టీరియాను చిన్న పళ్లెంలో తిండి పెట్టి పెంచి, అది ఏ రకమో తేల్చి, దాని మీద ఒక్కో మందూ పెట్టి ఏ మందుకు ఆగుతుందో చూడటం. రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టులో బ్యాక్టీరియా పేరు క్లెబ్సియెల్లా అని వచ్చింది. దాని కింద మందుల పేర్లు వరసగా ఉంటాయి. పనిచేసే మందు పక్కన 'ఎస్' అని, పనిచేయని మందు పక్కన 'ఆర్' అని వేస్తారు. తాత కాగితంలో పైనుంచి కిందిదాకా ఆర్, ఆర్, ఆర్. రెండింటి పక్కన మాత్రమే ఎస్ ఉంది. ఇట్లాంటి కాగితాలు ఎన్నో చూసినదాన్నే, కానీ ఇంటిమనిషి పేరు మీద చూసేసరికి కాళ్లు ఆడలేదు.

మందుకు లొంగకపోవడం అంటే ఏమిటో పత్తి చేను చూపించి చెప్తే మీకు తొందరగా తెలుస్తుంది. 1997లో పరకాల దగ్గర మా అన్న, అంటే మీ అమ్మకు మేనమామ, పత్తి వేశాడు. ఆ ఏడు మన వరంగల్ జిల్లాలో పత్తిని లద్దె పురుగు, పచ్చ పురుగు పట్టాయి. ఒక మందు కొడితే చావలేదు. రెండు కలిపి కొట్టారు, చావలేదు. వారం తిరక్కుండానే మళ్లీ కొట్టారు. నకిలీ మందులు అమ్మినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ అసలు మందుకు కూడా పురుగు చావలేదు. చేనులో లక్ష పురుగులుంటే అన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఏ పదింటికో ఆ మందును తట్టుకునే గుణం ఉంటుంది. మందు కొట్టగానే మిగతావన్నీ చస్తాయి, ఆ పదీ మిగులుతాయి. ఇక చేనంతా వాటిదే, అడ్డం వచ్చేవి లేవు. గుడ్లు పెడతాయి, పిల్లలకూ అదే గుణం వస్తుంది. ఇంకోసారి కొడితే ఇంకా గట్టివి మిగులుతాయి. ఆ శీతాకాలం అప్పులు తీర్చలేక మన జిల్లాలో ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల సంగతి మీరు ఇంకొంచెం పెద్దయ్యాక చెప్తాను.

బ్యాక్టీరియా కథ కూడా ఇదే, కాకపోతే దాని వేగం వేరు. పత్తి పురుగుకు ఒక తరం గడవడానికి నెల రోజులు కావాలి. వెచ్చదనం, తిండి దొరికితే కొన్ని బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకే ఒకటి రెండవుతాయి. చిన్నూ, నువ్వు లెక్కల్లో ఫస్టు కదా, ఒక్కటి పది గంటల్లో ఎన్నవుతుందో వేసి చూడు. 107 కోట్లు దాటుతుంది.

ఇంకో తేడా ఉంది, నాకు ఎక్కువ భయం దానితోనే. పత్తి పురుగు తన గుణాన్ని తన పిల్లలకే ఇస్తుంది. బ్యాక్టీరియా పక్కదానికి కూడా ఇస్తుంది. మందును విరగ్గొట్టే ఉపాయం ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం లాంటి డీఎన్ఏ మీద రాసి ఉంటుంది. రెండు బ్యాక్టీరియా ఆనుకున్నప్పుడు ఒకటి దాన్ని జిరాక్స్ తీసి ఇచ్చినట్టు రెండో దానికి అందిస్తుంది. ఇచ్చినదాని దగ్గర అసలు కాపీ అట్లాగే ఉంటుంది. తీసుకునేది వేరే జాతిదైనా సరే. ఒక్కో ఉంగరం మీద నాలుగైదు మందులకు విరుగుడు ఉండొచ్చు. 2008లో ఢిల్లీలో చికిత్స చేయించుకొని స్వీడన్ వెళ్లిన ఒకాయన మూత్రంలో అట్లాంటిదే దొరికింది. అది కూడా క్లెబ్సియెల్లానే. పెద్ద మందులని మేం దాచుకొని వాడే కార్బపెనెమ్‌లనే అది విరగ్గొట్టింది. ఆ ఉపాయం రాసి ఉన్న డీఎన్ఏ ముక్కకు, అంటే జన్యువుకు, పేరులో న్యూఢిల్లీ అని పెట్టినందుకు అప్పట్లో చాలా గొడవైంది. పేరు ఏదైతేనేం, ఆ జన్యువు చాలా దేశాలకు పాకింది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద 12.7 లక్షలని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు.

సరే, దవాఖానలోనే ఎందుకు? అక్కడున్నంత మందు ఇంకెక్కడా ఉండదు, అంటే రోజూ మందు కొట్టే చేను అది. ఒంట్లో సత్తువ లేనివాళ్లు మంచం పక్కన మంచంగా ఉంటారు. చర్మం మన ఇంటి గోడ లాంటిదనుకుంటే, సెలైన్ సూది, మూత్రం గొట్టం, ఆపరేషన్ గాయం ఆ గోడకు పెట్టిన కంతలు. ఇక ఈ మంచం నుంచి ఆ మంచానికి బ్యాక్టీరియాను మోసేవి ఎక్కువగా మన చేతులే.

ఈ మాట పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి డ్యూటీలో నలభై మంచాలకు నేనొక్కదాన్నే. నీళ్ల కుళాయి వార్డు చివర ఉండేది. ఒకాయన మూత్రం సంచి ఖాళీ చేశాను. అంతలో పక్కాయన సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం వెనక్కి వస్తోంది. చేతులు కడుక్కోవడానికి కుళాయి దాకా పోయి వచ్చే ఓపిక లేక, టైం లేక, అదే చేత్తో ఆ సీసా మార్చాను. మూడు రోజులకు ఆయనకు జ్వరం వచ్చింది. ఆ వరసలో ఇంకో ఇద్దరికీ వచ్చింది. నా వల్లనే అని ఎవరూ అనలేదు. అది తేల్చే వీలు కూడా లేదు. కానీ నాకు ఆ ముగ్గురి ముఖాలూ ఇప్పటికీ గుర్తే. తర్వాత ప్రతి మంచం దగ్గర శానిటైజర్ సీసా పెట్టిన రోజు నేను ఎంత సంతోషపడ్డానో మాటల్లో చెప్పలేను.

1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ ఈ సంగతి పట్టుకున్నాడు. శవాలను కోసి చూసిన చేతులతోనే డాక్టర్లు వచ్చి కాన్పులు చేసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారు. మంత్రసానులు చేసే వార్డులో అంతమంది పోవడం లేదు. ఆయన అందరి చేతులూ క్లోరిన్ సున్నం నీళ్లతో కడిగించాడు. అంటే మన పంచాయతీ వాళ్లు మోరీల దగ్గర చల్లే బ్లీచింగ్ పౌడరే. చావులు ఒక్కసారిగా తగ్గాయి. అయినా ఆయన మాటను తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు.

ఇప్పుడు పండూ, నీ సంగతి. ఆ రోజు తాత మంచం మీద కూర్చొని, ఆ గొట్టం సంచిని ముట్టుకొని, అదే చేత్తో బత్తాయి తొనలు తింటుంటే నేను అందరి ముందు గట్టిగా అరిచాను. నువ్వు ఏడ్చావు. అరవకుండా చెప్పవలసింది. కానీ నాకు ఆ క్షణంలో నీ చేయే కనపడింది. నీకు ఏమీ కాకపోవచ్చు, గట్టి పిల్లాడివి. క్లెబ్సియెల్లా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. కానీ అదే చేయి పక్క మంచం మీదున్న ఇంకో తాతకు తగిలితే ఆయనకు ఏమవుతుందోనని భయం. మంచం పట్టీల మీద పొడిగా ఉండి కూడా వారాల తరబడి బతికే రకాలున్నాయి.

మనవాళ్లకు ఒక మంచి గుణం ఉంది. ఒకరు దవాఖానలో ఉన్నారంటే ఊరంతా ఆటోల్లో దిగుతారు. ఆపిల్ పండ్లు, బ్రెడ్డు, కొబ్బరి బోండాలు తెస్తారు. ఆ ప్రేమను నేను తప్పు పట్టను, తాతకు సగం బలం దాంతోనే వచ్చింది. అయితే ఇద్దరిద్దరుగా రావాలి, స్టూలు మీద కూర్చోవాలి, లోపలికి పోయేముందు, బయటికొచ్చాక చేతులు కడుక్కోవాలి. జలుబు, దగ్గు ఉంటే ఫోనులో పలకరిస్తే చాలు. డాక్టరు గానీ నర్సు గానీ చేతులు శుభ్రం చేసుకోకుండా తాతను ముట్టుకోబోతే "ఒక్కసారి శానిటైజర్ రాసుకోండి మేడం" అని మర్యాదగా అడగొచ్చు. నన్నెవరైనా అట్లా అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

మీ ఇంట్లో ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బా ఉంది కదా, మిగిలిన గోలీలు వేసేది. దాన్ని అమ్మ ముందు దించి చూడండి. వెనుక నిలువుగా ఎర్ర గీత ఉన్న అట్టలుంటే అవి డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడని మందులు. జలుబు, మామూలు గొంతు నొప్పి ఎక్కువసార్లు వైరస్ వల్ల వస్తాయి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పనిచేయకపోగా మన కడుపులో ఉన్న మంచి బ్యాక్టీరియాను చంపి గట్టివాటికి జాగా ఇస్తుంది. "మొన్న నీకు తగ్గింది కదా, ఇవి వేసుకో" అని పక్కింటివాళ్లకు ఇవ్వడం సాయం కాదని మీ అమ్మకు నేనే చెప్పాను, ఇంకోసారి మీరు చెప్పండి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే బ్యాక్టీరియా మందుకు అలవాటు పడిపోతుందని హెచ్చరించాడు. కోళ్ల మేతలో కొలిస్టిన్ కలపడాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది కూడా అందుకే. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు మిగిలేవాటిలో అదొకటి.

తాత విషయానికొస్తే, ఎస్ అని వచ్చిన రెండింట్లో అమికాసిన్ ఇచ్చారు. కిడ్నీల మీద భారం పడే మందు, అందుకని మధ్యమధ్యలో రక్తం తీసి చూశారు. మూత్రం గొట్టం తీసేశారు. నాలుగు రోజులుగా జ్వరం లేదు. నిన్న వాకర్ పట్టుకొని వరండా చివరిదాకా నడిచి, "పండుగాడు నా మీద అలిగిండా?" అని అడిగాడు. బుధవారం ఇంటికి పంపుతామన్నారు. ఆదివారం ఇద్దరూ రండి. రిపోర్టు దాచి ఉంచాను, ఆర్‌లు, ఎస్‌లు మీరే లెక్కపెట్టి చూద్దురుగాని.

మీ అమ్మమ్మ