లివర్ రోగికి పప్పు, గుడ్డు మాన్పించకండి: అపోహలు - వాస్తవాలు

అపోహ: సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లు పప్పు, గుడ్డు, మాంసం ముట్టకూడదు.

వాస్తవం: ఈ మాట ఇళ్లలో పుట్టలేదు. ప్రొటీన్ తింటే ఒంట్లో అమ్మోనియా అనే విషపదార్థం పెరిగి రోగి మత్తులోకి జారిపోతాడని మేం డాక్టర్లమే ఏళ్ల తరబడి చెప్పాం. శిక్షణ రోజుల్లో కేస్ షీట్ మీద నేనూ రాశాను. అలా మత్తులోకి వెళ్లిన రోగులకు కూడా ప్రొటీన్ తగ్గిస్తే ఒరిగేదేమీ లేదని 2004లోనే బార్సిలోనా వైద్యులు చూపించారు. అయినా వార్డుల్లో ఆ అలవాటు ఇంకా పోలేదు.

లివర్ పట్టలేని అమ్మోనియాలో కొంత మన కండలే పట్టుకుంటాయి. పథ్యం పేరుతో కండ కరిగిస్తే ఆ ఆసరా కూడా పోతుంది.

మొన్న ఒకాయన వచ్చారు. పొట్ట కుండలా ఉంది, కణతలు గుంటలు పడ్డాయి. బరువు మాత్రం ఆర్నెల్ల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. పోయిన కండ లెక్కను పొట్టలో నీరు పూడ్చేసింది. ఆయన భార్య క్యారేజీ విప్పి చూపించారు: మెత్తగా వండిన అన్నం, పల్చటి మజ్జిగ. ‘కామెర్ల పథ్యమేనండీ, ఒక్క పూట కూడా తప్పలేదు’ అన్నారు. అంత శ్రద్ధగా పెట్టిన తిండే ఆయన కండను కరిగించేసింది.

నీటి బరువు తీసేసి చూస్తే కిలోకి రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పడుకునే ముందు కూడా ఏదైనా తినాలి, పాలో, గుప్పెడు వేయించిన శనగలో. చెడిన లివర్ రాత్రికి సరిపడా శక్తిని దాచుకోలేదు, తెల్లారేలోపు ఒళ్లు కండను తినేస్తుంది. పొట్టలో నీరున్నవాళ్లు తగ్గించాల్సింది ఉప్పు: ఆవకాయ, అప్పడం, వడియాలు.

అపోహ: ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) ఎక్కువుంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించాకే పొట్టలో నీళ్లు తీయాలి.

వాస్తవం: రక్తం గడ్డకట్టించే పదార్థాలూ, గడ్డకట్టకుండా ఆపేవీ లివరే తయారుచేస్తుంది. సిర్రోసిస్‌లో రెండూ తగ్గుతాయి. ఐఎన్‌ఆర్‌కి కనబడేది గడ్డకట్టించే పక్క ఒక్కటే. ఆ అంకె ఒక్కటి చూసి ప్లాస్మా కోసం ఇంటివాళ్లని అర్ధరాత్రి బ్లడ్ బ్యాంకుకి పరుగెత్తించడం అన్యాయం. 5 లీటర్లు దాటి నీళ్లు తీస్తే మాత్రం ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ ఎక్కించాలి, అది మానకూడదు.

అపోహ: గ్యాస్ మాత్ర ఎన్నాళ్లు వాడినా ఏమీ కాదు.

వాస్తవం: సిర్రోసిస్ ఉన్నవాళ్లలో పాంటాప్రజోల్ లాంటివి ఊరికే వాడుతుంటే ఇన్‌ఫెక్షన్ల ముప్పు పెరగొచ్చు. అల్సర్ ఉన్నవాళ్లకు అవి కావాల్సిందే, కాబట్టి సొంతంగా ఆపొద్దు. పాత చీటీలన్నీ తెచ్చి, అది ఎందుకు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపుతారో మీ డాక్టర్ని అడగండి.