అట్ట గొట్టంతో మొదలైన ఇల్లు

2024 జనవరి 1న జపాన్‌లోని నోటో ద్వీపకల్పాన్ని భూకంపం కుదిపేసింది. ఇళ్లు పోయినవాళ్లు బడుల్లో, జిమ్ హాళ్లలో నేల మీదే పడుకున్నారు. తర్వాత ఆ హాళ్లలో అట్ట గొట్టాలు నిలబడ్డాయి, వాటికి గుడ్డ కర్టెన్లు వేలాడాయి. నిలువు గొట్టానికి ఉన్న రంధ్రంలో అడ్డ గొట్టం దూర్చి, పైన గుడ్డ వేసి పిన్నీసులతో బిగిస్తే ఒక కుటుంబానికి గది తయారు. చూడ్డానికి ఇంత తేలికైన ఈ ఏర్పాటు వెనక దాదాపు నలభై ఏళ్ల కథ ఉంది. అది షిగెరు బాన్ అనే ఆర్కిటెక్ట్ కథ.

బాన్ 1957లో టోక్యోలో పుట్టారు. అమెరికాలో చదువుకుని, 1985లో టోక్యో తిరిగొచ్చి సొంత ఆఫీసు పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది, ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ అల్వార్ ఆల్టో మీద ఒక ప్రదర్శనకు హాలు డిజైన్ చేసే పని దొరికింది. ఆల్టో పద్ధతిలో చెక్క వాడాలని ఉన్నా, అంత బడ్జెట్ లేదు. పైగా కొద్ది రోజుల్లో విప్పేసే దానికి అంత కలప వృథా చేయడానికి మనసొప్పలేదు. ఆఫీసులో ట్రేసింగ్ పేపర్ అయిపోయాక మిగిలిన గొట్టాలు ఓ పక్కన పడి ఉన్నాయి. ఆ ప్రదర్శనకు అలాంటి గొట్టాలే పనికొచ్చాయి.

బట్టల షాపులో గుడ్డ తాను చుట్టి ఉండే అట్ట గొట్టం మనందరికీ తెలుసు. గుడ్డ అయిపోయాక పిల్లలు దాన్ని కర్రసాము కర్రలా తిప్పుతారు. చేత్తో వంచుదామంటే వంగదు. కాగితం పొరల్ని జిగురు రాసి గట్టిగా చుట్టడంతోనే దానికి ఆ బలం. పొడవు, మందం ఎంత కావాలంటే అంత చేయించుకోవచ్చు. నీళ్లకు తడవకుండా పూత కూడా వేయించొచ్చు. ఇంజనీరు గెంగో మత్సుయి సాయంతో బాన్ దాని బలాన్ని పరీక్షించి చూశారు. 1993లో పేపర్ ట్యూబులతో భవనాలు కట్టడానికి జపాన్‌లో అధికారిక ఆమోదం దొరికింది.

1994లో ఆఫ్రికా దేశం రువాండా నుంచి పారిపోయి వచ్చిన లక్షల మంది శరణార్థులకు ఐక్యరాజ్యసమితి ప్లాస్టిక్ షీట్లు ఇచ్చింది. గుంజల కోసం జనం చెట్లు నరికేశారు. అది ఆపాలని అల్యూమినియం పైపులిస్తే, వాటిని అమ్ముకుని మళ్లీ చెట్లే నరికారు. కడుపు కాలేవాళ్లను తప్పుపట్టలేం. బాన్ జెనీవాలోని శరణార్థుల సంస్థ ఆఫీసుకు వెళ్లి కాగితం గొట్టాలు వాడొచ్చని చెప్పారు. అమ్మినా పెద్దగా డబ్బు రాదు కాబట్టి అవి గుడారానికే ఉంటాయి. 1999లో రువాండాలోని బ్యుంబా శిబిరంలో అలాంటి గుడారాలు 50 కట్టి చూశారు.

ఈలోగా 1995 జనవరి 17న జపాన్‌లోని కోబెలో భూకంపం వచ్చింది. అక్కడి చెప్పుల ఫ్యాక్టరీల్లో పనిచేసే వియత్నాం శరణార్థులు పార్కులో ప్లాస్టిక్ షీట్ల కింద ఉండిపోయారు. ప్రభుత్వం ఇచ్చే తాత్కాలిక ఇళ్లు దూరం, అక్కడికి పోతే పని పోతుంది. బాన్ బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టెల్లో ఇసుక నింపి పునాదిగా పేర్చి, వాటి మీద అట్ట గొట్టాల గోడలు నిలబెట్టారు. కాలిపోయిన టకటోరి చర్చి స్థలంలో 58 గొట్టాలతో ఓ ప్రార్థన మందిరం కూడా కట్టారు. 160 మంది వాలంటీర్లు ఐదు వారాల్లో పూర్తి చేశారు. తాత్కాలికం అనుకున్న ఆ మందిరం పదేళ్లు నిలిచింది. తర్వాత దాన్ని విప్పి, 1999 భూకంపంలో దెబ్బతిన్న తైవాన్ ఊరు తావోమికి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు.

2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చాక బాన్ భుజ్‌కూ వచ్చారు. అక్కడ బీరు పెట్టెలు లేవు. ఆయన కూలిన ఇళ్ల శిథిలాలనే పునాదిగా పోయించి, పైన ఆ ఊరి పద్ధతిలో మట్టి నేల వేయించారు. పైకప్పుకు వెదురు బద్దలు వంచి, రెండు చాపల మధ్య ప్లాస్టిక్ షీటు పెట్టించారు. చాపల సందుల్లోంచి గాలి ఆడుతుంది, లోపల వంట చేసుకున్నా పొగ బయటికి పోతుంది, ఆ పొగకే దోమలు కూడా దూరం. ఆయన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. అట్ట గొట్టాల గోడల ఆలోచన జపాన్‌ది, మిగతాది చాలావరకు ఆ ఊళ్లో దొరికిందే.

పెద్ద భవనాలూ కట్టారు. ఫ్రాన్స్‌లో మెట్జ్ నగరపు పాంపిడూ మ్యూజియం 2010లో, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో అట్ట గొట్టాల కెథడ్రల్ 2013లో తెరుచుకున్నాయి. 2014లో ఆర్కిటెక్టులకిచ్చే అతి పెద్ద గౌరవం, ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

ఇక కర్టెన్ల సంగతి. 2011లో జపాన్‌లో వచ్చిన సునామీ తర్వాత బాన్ తన బృందంతో శిబిరాలు తిరుగుతూ తెరల గదులు కడతామంటే, చాలాచోట్ల అధికారులే వద్దన్నారు. తెరలు లేకపోతేనే జనాన్ని కనిపెట్టుకోవడం సులువని వాళ్ల వాదన. తుపాను రాత్రి పునరావాస కేంద్రంలో వందమంది మధ్య పడుకున్నవాళ్లను అడగండి. చీర మార్చుకోవాలన్నా, బిడ్డకు పాలివ్వాలన్నా, కడుపారా ఏడ్వాలన్నా ఒక తెర కావాలి. అడుగుతూ పోగా యాభైకి పైగా శిబిరాల్లో సుమారు 1,800 గదులు లేచాయి. ఆ తర్వాత కొన్ని స్థానిక ప్రభుత్వాలు విపత్తు రాకముందే బాన్ సంస్థతో ఒప్పందాలు రాసుకున్నాయి. 2022లో యుక్రెయిన్ నుంచి పిల్లలతో సరిహద్దు దాటొచ్చిన తల్లులకు, పోలండ్‌లో మూతపడిన ఓ సూపర్‌మార్కెట్‌లో అవే గొట్టాలు, అవే గుడ్డలు గదులయ్యాయి.