కోపంలోనూ ఆపకూడని పనులు

ప్రియమైన పిల్లలకు,

మామ్మ ఆశీస్సులు. ఉక్రెయిన్, గాజా వార్తలు చూసి, "దేశాలకు దేశాలే కొట్టుకుంటుంటే మనలాంటివాళ్ళం ఏం చేయగలం?" అని అడుగుతున్నారు మీరు. అందరితో మంచిగా ఉండండి అని చెప్పి ఊరుకుంటే అది మీ ప్రశ్నకు జవాబు కాదు. మన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుల సంగతి చెప్తాను, వినండి. నాకు తెలిసిన జవాబు అందులోనే ఉంది.

మన తీరంలో పెద్ద బోట్లు నిలిపే హార్బరు లేక, ఇక్కడి మగవాళ్ళు ఎంతోమంది ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద జీతానికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మనవాళ్ళను పాకిస్తాన్ సముద్ర భద్రతా సిబ్బంది పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. సముద్రం మీద గట్టూ ఉండదు, కంచే ఉండదు. పైగా గుజరాత్, పాకిస్తాన్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర సరిహద్దు ఎక్కడన్నది రెండు దేశాలూ ఇప్పటికీ తేల్చుకోలేదు. పాకిస్తాన్ జాలర్లూ ఇలాగే మన కోస్ట్ గార్డుకు దొరికిపోయి మన జైళ్ళలో మగ్గుతుంటారు. ఎటువైపు వాళ్ళయినా రెక్కాడితే గానీ డొక్కాడని మనుషులే.

మనవాళ్ళు జైలుకెళ్ళిన మూడో నెలలోనే పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. తర్వాత పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన విమానాల దాడి, ఆకాశంలో విమానాల పోరు. ఆ ఏడాదే రెండు దేశాల మధ్య రైలు ఆగింది, వ్యాపారం ఆగింది. అంత కోపంలో, జైల్లో ఉన్న జాలర్లను ఎవరు తలుచుకుంటారు చెప్పండి?

తలుచుకోక తప్పని ఏర్పాటు ఒకటి ముందే ఉంది. 2008లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఒకరి జైళ్ళలో ఉన్న రెండోవాళ్ళ మనుషుల పేర్లు రాసి ఇచ్చిపుచ్చుకోవాలి. జాబితాలోకి పేరు ఎక్కిందంటే, ఆ మనిషి మా దగ్గర బతికే ఉన్నాడని ఒప్పుకున్నట్టు. ఇక అతని కోసం అక్కడున్న మన దేశ కార్యాలయం, అంటే హైకమిషన్ వాళ్ళు అడగొచ్చు, వెళ్ళి చూడొచ్చు. 2019లో అంత గొడవ జరిగినా ఆ కాగితాలు రెండుసార్లూ అటూ ఇటూ మారాయి. 2020 జనవరి 6న మనవాళ్ళు 20 మంది వాఘా దాటి వచ్చారు. మిగిలినవాళ్ళూ తర్వాత వచ్చారు. ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఏడాదికి పైగా తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు. ఆ తిరుగుడుకు, అర్జీలకు ఒక ఆధారం ఉండాలి కదా. అది ఆ జాబితా.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న ఒప్పందం రాసుకున్నాయి. ఆ కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో 1992 నుంచి ప్రతి జనవరి 1న ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. 2001 డిసెంబరు 13న మన పార్లమెంటు మీద దాడి జరిగింది. సైన్యాలు సరిహద్దుకు కదిలాయి. యుద్ధం రేపో మాపో అన్నట్టుంది. అయినా మూడు వారాలైనా నిండకుండానే, 2002 జనవరి 1న ఆ జాబితాలు చేతులు మారాయి. నాకు ఇది చాలా గొప్ప విషయంగా కనిపిస్తుంది. నమ్మకం ఉండి ఇచ్చుకున్న కాగితాలు కావవి. నమ్మకం లేదు కాబట్టే పెట్టుకున్న నియమం అది.

2025 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు నెల, ఏప్రిల్‌లో, పహల్గామ్‌లో 26 మందిని చంపేశారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ దుఃఖం చూసి కోపం తెచ్చుకోవద్దని నేను మీకు చెప్పను. తప్పు చేసినవాడిని వదిలేయమనీ అనను. కానీ ఒక్కటి గమనించండి. మేలో రెండు దేశాలూ ఒకరి మీద ఒకరు దాడులకు దిగాక, మే 10న మధ్యాహ్నం 3:35కి పాకిస్తాన్ సైనికాధికారి మన సైనికాధికారికి ఫోన్ చేశాడు. 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ రాత్రి మళ్ళీ కొంత అలజడి జరిగినా, ఆ తర్వాత సద్దుమణిగింది. వాళ్ళు నేరుగా మాట్లాడుకునే ఆ ఫోన్ లైను, అంటే హాట్‌లైన్, 1971 యుద్ధం తర్వాత వేసుకున్నది. గొడవ లేని రోజుల్లోనూ మాట్లాడుకుంటూ ఉన్నారు కాబట్టే, అవసరం పడ్డ రోజు ఎవరికి చేయాలో వెతుక్కోనక్కరలేకపోయింది. జూలై 1న ఖైదీల జాబితాలు కూడా ఎప్పటిలాగే చేతులు మారాయి.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. పంపకాల్లో మాటా మాటా పెరిగి మాటలు లేకుండా పోయాయి. బోరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. మోటారు స్విచ్చు పైన గోడ మీద సుద్దతో రాసి ఉండేది: సరి తేదీలు అన్నవి, బేసి తేదీలు తమ్ముడివి. 31 తర్వాత 1 వస్తే వరసగా రెండు రోజులూ తమ్ముడికే పోతాయి కదా, అందుకని కింద ఇంకో లైను: "31 చెరి సగం". వాన జల్లుకు చెరిగిపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు మళ్ళీ రాసేవారు. కొన్నాళ్ళకు తల్లి ఆసుపత్రిలో పడితే, ఏ రాత్రి ఎవరు తోడు పడుకోవాలన్నది కూడా ఆ స్విచ్చు పక్కనే రాసుకున్నారు. మాటలు కలవడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మీరూ ఇలా చేయగలరు. స్నేహితుడితో కటీఫ్ అన్నా సరే, వాడు బడికి రాని రోజు హోంవర్క్ చెప్పడం మానకండి. అక్కతో గొడవైనా అన్నానికి కలిసి కూర్చోండి. ఏది ఆపకూడదో గొడవ లేనప్పుడే అనుకుని పెట్టుకోవాలి, కోపం వచ్చాక అనుకోలేం. ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, ఏడిపిస్తున్నా మాత్రం అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు, ఇంట్లోనో టీచరుకో వెంటనే చెప్పండి. ఇక ఒక దేశాన్నో మతాన్నో మొత్తంగా తిట్టే మెసేజ్ ఫోన్‌లోకి వస్తే మీ దగ్గరే ఆపేయండి. అవతలి ఒడ్డున వల వేసుకునేవాడు కూడా ఆ తిట్టులోకి వస్తాడు.

ఈ ఏర్పాట్లు ఉన్నంత మాత్రాన అన్నీ బాగున్నాయని అనుకోకండి. శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో తేలిన నెలలోపు మనిషిని ఇంటికి పంపాలని ఆ 2008 ఒప్పందంలోనే ఉంది. నెలలు కాదు, ఏళ్ళు గడుస్తున్నాయి. ఖైదీలను చూసి రావడానికి 2007లో రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో ఒక కమిటీ వేశారు. 2013 తర్వాత వాళ్ళ ప్రయాణాలు ఆగిపోయాయి. ఇది అన్యాయం. ఆ జడ్జీలను మళ్ళీ పంపమని అడగాలి. 2025 జూలై జాబితా ప్రకారం అక్కడ 193 మంది మన జాలర్లు, ఇక్కడ 81 మంది వాళ్ళ జాలర్లు అప్పటికి జైళ్ళలో ఉన్నారు.

జనవరిలోనూ జూలైలోనూ రెండో తారీఖు పేపరు తిరగేయండి. లోపలి పేజీలో ఎక్కడో నాలుగు లైన్లు ఉంటుంది ఈ వార్త. దొరికితే ఎంతమందో చూసి నాకు రాయండి. తగ్గారా, పెరిగారా అన్నది కూడా రాయండి.

మీ మామ్మ