వానలో అతికించిన పలక

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం, అనంతపురంలోని మా ఇంటి ముందుగదిలో గోడకు తగిలించిన గిటారు నుంచి ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. దించి చూస్తే పైపలక మీద, తీగలు ఆనే గుర్రానికి పక్కగా, చెక్క రేఖల వెంట జానెడు పొడవున సన్నని చీలిక ఉంది. నా చేతులతో చేసిన మొదటి గిటారు అది. అప్పటికి దాన్ని పూర్తి చేసి ఆరు నెలలైనా కాలేదు. కింద పడలేదు, ఎవరూ తాకలేదు, తీగలను మోతాదు మించి బిగించనూ లేదు. చాలా రోజులు వెతికాక కారణం దొరికింది: ఆ పలకకు లోపలి పట్టీలను నేను అక్టోబరు ముసురులో అతికించాను.

పచ్చి చెట్టులో నీరు రెండు చోట్ల ఉంటుంది. కొంత నీరు గొట్టాల వంటి కణాల బోలులో ఉంటే, మిగిలినది ఆ కణాల గోడల్లోనే ఇంకి ఉంటుంది. కోసిన దుంగ ఆరేటప్పుడు బోలులోని నీరు ముందుగా పోతుంది, దానివల్ల చెక్క పరిమాణం మారదు. పొడి చెక్క బరువులో సుమారు 28 నుంచి 30 శాతానికి తేమ దిగాక గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది, చెక్క కుంచించుకుపోయేది అప్పుడే. గోడల్లో సెల్యులోజ్ పోగులు దాదాపుగా కణం పొడవునా బారులు తీరి ఉంటాయి. నీటి అణువులు ఆ పోగుల మధ్య దూరి వాటిని ఎడంగా ఉంచుతాయి, నీరు పోగానే పోగులు దగ్గరికి జరుగుతాయి. అందుకే చెక్క అడ్డంగా తగ్గుతుంది, పొడవులో మాత్రం పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేదాకా చూసినా 0.1 నుంచి 0.2 శాతానికి మించి తగ్గదు. ఎండిన చెక్క కూడా ఈ పని మానదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. వానాకాలంలో బిగుసుకుపోయిన తలుపు వేసవిలో గడగడలాడడం మనమందరం చూస్తున్నదే.

అనంతపురం వానచాటు ప్రాంతం. ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. నా గదిలోని తేమమాపకం ఆ రోజుల్లో 75 శాతం చూపిస్తే, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో 25 దగ్గర నిలబడుతుంది. మొదటి గాలిలో చెక్క తన బరువులో దాదాపు 14 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది, రెండోదానిలో సుమారు 5 శాతమే. పైపలకకు నేను వాడిన సిట్కా స్ప్రూస్ అనే విదేశీ కలప, తేమ ఒక్క శాతం తగ్గితే రేఖలకు అడ్డంగా సుమారు 0.15 శాతం కుంచించుకుంటుంది. గిటారు నడుము కింది వెడల్పు 400 మిల్లీమీటర్లు. లెక్క కడితే, ఆ పలక వేసవికల్లా ఐదు మిల్లీమీటర్లకు పైగా, అంటే ఒక బియ్యపు గింజ పొడవంత, ఇరుకు కావాలి. దుంగను కేంద్రం నుంచి అంచు వైపుకు కోసి తీసిన పలకల సంగతి ఇది. వలయాలకు ఒరుసుకుంటూ కోసిన పలక అయితే దాదాపు రెట్టింపు తగ్గుతుంది, కాబట్టి గిటారుకు దాన్ని ఎవరూ ఎంచుకోరు.

పలక స్వేచ్ఛగా ఉంటే ఆ ఐదు మిల్లీమీటర్లూ నిశ్శబ్దంగా తగ్గేది. కానీ దాని అడుగున, ఆకు వెనక ఈనెల్లాగా, సన్నని పట్టీలను అడ్డంగానూ ఏటవాలుగానూ అతికిస్తారు. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటే, మూడు మిల్లీమీటర్ల మందమైనా లేని పలక ఆ పట్టీల దన్నుతోనే నిలబడుతుంది. పట్టీ పొడవు పలక వెడల్పు వైపు ఉంటుంది, చెక్క పొడవులో తగ్గదు. పలక దగ్గరికి రావాలని లాగుతుంది, పట్టీ రానివ్వదు, బంక రెండింటినీ విడిపోనివ్వదు. చివరికి పలకలో ఎక్కడ బలం తక్కువో అక్కడ అది విడిపోతుంది. మా వీధి చివర తలుపులు చేసే పెద్దాయనకు గిటారు చూపించినప్పుడు ఆయన చీలిక మీద వేలు పెట్టి, "ముసురులో అతుకు పెట్టినావా నాయనా? తలుపు పలకను మేము గాడిలో వదులుగా నిలబెడతాం కానీ బంక పెట్టం. అది పెరుగుతాది, తగ్గుతాది, దానికి చోటు ఇయ్యాల" అన్నారు. నేను పుస్తకాల్లో నెలల తరబడి వెతికిన విషయాన్ని ఆయన ఒక్క నిమిషంలో చెప్పారు.

ఇదే నియమం గిటారు మెడ మీద మరో రకంగా కనిపిస్తుంది. వీణకు ఉన్నట్టే గిటారుకూ మెట్లు ఉంటాయి. తీగ పొడవు 650 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36.5 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర పడాలి. మెడ చెక్క పొడవులో మారదు కాబట్టి ఈ కొలతలు ఏ కాలంలోనైనా చెదరవు. వెడల్పులో మాత్రం తగ్గుతుంది, లోహపు మెట్లు తగ్గవు. మండువేసవిలో మెడ అంచున చెయ్యి జరిపితే మెట్ల కొసలు వేళ్లకు గుచ్చుకునేది ఇందుకే.

నీరు ఎప్పుడూ శత్రువేమీ కాదు. పక్కలకు నేను జిట్రేగి వాడాను. ఇరుగుడు అని కూడా పిలిచే ఈ దక్షిణ భారత రోజ్‌వుడ్ ప్రపంచమంతటా గిటార్లలోకి వెళుతుంది. (కడప మిత్రులు ఎర్రచందనం ఎందుకు వాడలేదని అడుగుతుంటారు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తంత్రుల వాద్యానికి దాన్ని వాడతారన్నది నిజమే. కానీ అది చట్టం కాపాడుతున్న చెట్టు, పైగా పైపలకకు పనికిరానంత బరువు.) రెండు మిల్లీమీటర్లకు చిత్రిక పట్టిన జిట్రేగి బద్దను తడిపి, వేడెక్కిన ఇనుప గొట్టానికి ఆనించి నెమ్మదిగా నొక్కితే, ఒక దశలో అది తోలుపట్టీలా లొంగిపోతుంది. కణాలను పట్టి ఉంచే లిగ్నిన్ తడి, వేడి కలిసినప్పుడు మెత్తబడి, చల్లారాక కొత్త వంపులోనే గట్టిపడుతుంది. గొట్టం మీద ఆవిరి బుస్సుమంటున్నంతసేపూ బద్ద మాట వింటుంది. ఆవిరి ఆగాక ఇంకొంచెం నొక్కుదామని ఆశపడితే విరుగుతుంది. నేను రెండు బద్దలు అలాగే పోగొట్టుకున్నాను.

రెండో గిటారుకు పైపలకను అక్టోబరులోనే మందం తగ్గించి, పట్టీలు వేయకుండా ఫిబ్రవరి దాకా అటక మీద ఉంచాను. మందం తగ్గించడంలో తొందర పనికిరాదు. పలక మందం పదోవంతు తగ్గితే బరువు పదోవంతే తగ్గుతుంది కానీ, వంగకుండా నిలిచే బిగువు నాలుగోవంతుకు పైగా పోతుంది, ఎందుకంటే ఆ బిగువు మందం ఘనాన్ని అనుసరిస్తుంది. రోజూ ఆ పలకను రెండు వేళ్లతో అంచున పట్టుకుని, మధ్యలో వేలి కణుపుతో తట్టి వినేవాణ్ని. అక్టోబరులో అట్టను తట్టినట్టు మొద్దుగా పలికిన చెక్క, జనవరి చివరికి కంచు పళ్లెంలా కొంతసేపు మోగింది, శ్రుతి కూడా పెరిగింది. నీరు పోయిన చెక్క తేలికవుతుంది, బిగువెక్కుతుంది, కంపనాన్ని లోలోపలే మింగేయడం తగ్గుతుంది. నా చెవికి ఇంతకన్నా సంతోషం కలిగించిన పాఠం లేదు.

తలుపులు మూసిన గదిలో తేమ 40, 45 శాతం మధ్య ఉన్న రోజు చూసి పట్టీలు అతికించాను. ఈసారి పట్టీల అంచును తిన్నగా కాకుండా 25 అడుగుల వ్యాసార్ధంలోని చాపంగా చెక్కాను, దానితో పలక మధ్యలో రెండున్నర మిల్లీమీటర్లు పైకి ఉబ్బి ఉంటుంది. వేసవిలో పలక ఇరుకు కావాల్సి వస్తే ముందు ఆ ఉబ్బు దిగుతుంది, చీలే అవసరం అంత త్వరగా రాదు. మొదటి గిటారును కూడా వదల్లేదు. రంధ్రాలు పెట్టిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి ఉంచి, పెట్టెను గిటారు లోపల వేలాడదీసి రెండు రోజులు మూసి ఉంచితే చీలిక దానంతటదే కలిసింది. అప్పుడు బంక ఎక్కించి, లోపలి వైపు చిన్న చెక్క మాసికలు రేఖలకు అడ్డంగా వేశాను.

మొన్న మే నెలలో గది తేమ 24కు పడిన రోజు కొత్త గిటారు పలక మీద స్కేలు అడ్డంగా ఆనించి చూశాను. రెండున్నర ఉండాల్సిన ఉబ్బు ఒకటిన్నరకు దిగింది, పలక మీద గీత అయినా పడలేదు. అయితే పలకతో పాటు గుర్రం కూడా కిందికి దిగడంతో తీగలు మెట్లకు మరీ దగ్గరై, ఆరో తీగ గిర్రుమంటోంది. గుర్రం మీద తీగలు ఆనే ఎముక పట్టీని అర మిల్లీమీటరు ఎత్తుగా, వేసవి కోసం ఇంకొకటి ఆకురాయితో రుద్ది తయారు చేస్తున్నాను.