ఆలుగడ్డకు రాత్రి చలి కావాలి

దేవరకొండ

బుజ్జీ, చిన్నూ,

మన చెల్కలో ఆలుగడ్డ ఎందుకు వేయవు తాతా అని మొన్న అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నా.

నేనొకసారి వేశాను. పల్లి పీకిన మడిలో, సంక్రాంతి దాటాక. ఆకు ఎంత గుబురుగా వచ్చిందంటే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. తీరా తవ్వితే రేగుపండ్లంత గడ్డలు, మొక్కకు మూడో నాలుగో. నాయనమ్మ వాటినే కడిగి పొట్టుతో కూర చేసింది. నాకు ముద్ద దిగలేదు.

తప్పు నేలది కాదు, రాత్రుళ్లది. ఆకు పగలు ఎండలో చక్కెర చేస్తుంది. రాత్రి చల్లగా ఉంటే అది కిందికి దిగి, మట్టిలో పాకే కాండం కొసన పిండిగా చేరుతుంది. గడ్డంటే ఆ ఉబ్బిన కొసే, వేరు కాదు. రాత్రి ఉక్కగా ఉంటే మొక్క ఆ తిండిలో చాలా భాగం ఊపిరికే ఖర్చు పెట్టుకుంటుంది. గడ్డ కట్టమని ఆకు పంపే కబురు కూడా తగ్గిపోతుంది. మామూలు రకాలకు రాత్రి 18 డిగ్రీల లోపు ఉండాలి. ఫిబ్రవరి సగం దాటితే మనకు ఆ చలి ఎక్కడిది?

అందుకే సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ వాళ్లు వేడికి ఓర్చే రకాల కోసం కష్టపడ్డారు. ఆ పక్కనే కుఫ్రి కొండ. ఎండకాలంలో అక్కడ పగళ్లు పొడుగు కాబట్టి ఆలుగడ్డ బాగా పూస్తుంది. ఒక రకం పువ్వులో పుప్పొడి సంచులు తీసేసి, వేరే రకం పుప్పొడి అద్దుతారు. పచ్చి టమాటాలాంటి చిన్న కాయ కాస్తుంది. (అది విషం, ఎక్కడ కనిపించినా నోట్లో పెట్టకండి.) దాని గింజల్లో ఒకదాని మొక్కలా ఇంకోటి ఉండదు, మీ ఇద్దరిలాగే. వేల మొక్కలు పెంచి, వేడిలోనూ గడ్డ కట్టినవాటినే ఏటేటా ఏరుతూ పోవాలి. మంచిది దొరికిందా, ఇక గింజతో పని లేదు. గడ్డ నాటితే అచ్చం అదే వస్తుంది.

అట్లా కుఫ్రి లవకర్ అనే ఆలుగడ్డ రకాన్ని ఎల్‌టీ-1 అనే ఇంకో రకంతో కలిపి తీసిందే కుఫ్రి సూర్య. 2006లో విడుదలైంది. రాత్రి 20 డిగ్రీలున్నా గడ్డ కడుతుంది, 75 నుంచి 90 రోజుల్లో చేతికొస్తుంది. మనకు ఆ రెండు డిగ్రీలే పెద్ద వరం.

దీపావళికి రండి, ఈసారి ఆలస్యం చేయను. మొలక కన్ను పైకుండేటట్టు గడ్డలు పెట్టడం మీ పని. వచ్చేటప్పుడు ఒక థర్మామీటర్ తెండి. బాయికాడ చెట్టుకు కట్టి, రోజూ తెల్లారకముందే చూసి నోట్‌బుక్‌లో రాసిపెడతా.

మీ తాత