గరిటె వెనక గీత

అమ్మ వంటల నోట్‌బుక్కులో కస్టర్డ్ పుడ్డింగ్ పేజీలో డిగ్రీలూ నిమిషాలూ లేవు. "గరిటె వెనక పూత పట్టి, వేలితో గీస్తే గీత నిలిచేదాకా" అని మాత్రం ఉంది. చిన్నప్పుడు ఆ గీత గీసే పని నాదే. అమ్మ గరిటె తిప్పి పట్టుకునేది, నేను గీసి వేలు నాకేసేదాన్ని. ఆ గీత ఒక థర్మామీటర్ అని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

గుడ్డులోని ప్రోటీన్లు ఉండ చుట్టిన దారాల్లా ఉంటాయి. వేడికి ఉండలు విప్పుకుని, ఒకదానికొకటి ముడిపడి వల అల్లుకుంటాయి. ఆ వలలో పాలు చిక్కుకుంటే కస్టర్డ్. ఉత్త గుడ్డయితే 70 డిగ్రీలకే గట్టిపడిపోతుంది. పాలు ఆ ప్రోటీన్లను దూరదూరంగా ఉంచుతాయి, చక్కెర వాటిని తొందరగా విప్పుకోనివ్వదు. అందుకే కస్టర్డ్ చిక్కబడేసరికి 80 డిగ్రీల దరిదాపులకు వస్తుంది. ఇంకో ఐదారు డిగ్రీలు పెరిగితే వల బిగుసుకుని నీళ్లు వదిలేస్తుంది, కస్టర్డ్ విరిగిపోతుంది. ఇంత ఇరుకు సందులో అమ్మ కేవలం కంటితో, చేత్తో నడిచేది. నాకు ఇప్పటికీ అది గొప్ప నేర్పుగానే తోస్తుంది.

గుడ్డు లేని కస్టర్డ్‌ది వేరే దారి. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్, తన భార్యకు గుడ్లు పడవని కార్న్‌ఫ్లోర్‌తో కస్టర్డ్ పొడి తయారుచేశాడు. ఇందులో పిండి రేణువులు వేడి పాలను పీల్చుకుని ఉబ్బి చిక్కదనాన్నిస్తాయి. ఇది మరిగినా విరగదు. గుడ్డూ పిండీ రెండూ వేస్తే మాత్రం ఒక్క పొంగు రానిచ్చి తీరాలి. పచ్చసొనలో పిండిని కరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. సరిగ్గా ఉడక్కపోతే అది చావదు, రాత్రి గట్టిగా ఉన్న పుడ్డింగ్ పొద్దుటికి జారిపోతుంది.

ఇక రుచి. రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసనే. నోట్లో పెట్టుకున్నాక గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. చూపు, వినికిడి కబుర్లు మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళతాయి. వాసన అక్కడ ఆగకుండా భావోద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసుకునే భాగాల దగ్గరికి సూటిగా చేరుతుంది. ఒక మాట విన్నప్పుడు గుర్తొచ్చేవి ఎక్కువగా టీనేజీలోవీ, ఆ తర్వాతి కొన్నేళ్లవీ. వాసన తట్టిలేపేవి ఎక్కువగా మొదటి పదేళ్లవి. వెనిలా వాసనకి నాకు వయసు తగ్గిపోయేది అందుకే!

మొన్న అదే పేజీ చూస్తూ థర్మామీటర్ పెట్టి చేశాను. 76 దగ్గర గీత కలిసిపోయింది. 81 దగ్గర నిలిచింది. గరిటె పక్కన పెట్టి, వేలు నోట్లో పెట్టుకున్నాను.