పాత భాగాలు కలిపితే పేటెంటు రాదా?

తిరస్కరణ ఉత్తర్వు చేతపట్టుకుని నాలాంటి పేటెంటు ఏజెంట్ల దగ్గరికి వచ్చేవారిలో సగం మంది అప్పటికే ఓడిపోయినట్టు మాట్లాడతారు. "అన్నీ పాతవే అన్నారు కదండీ, ఇక అప్పీలు దేనికి?" అంటారు.

అపోహ: తెలిసిన వాటిని కలిపితే ఆవిష్కరణ కాదు.

వాస్తవం: భాగాలన్నీ కొత్తవైన యంత్రం ఎక్కడుంది? ఆ కలయిక సంబంధిత రంగంలో నిపుణుడికి ఇట్టే తట్టేదా, కాదా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. అమెరికా సుప్రీంకోర్టు 1966లో తేల్చిన ఆడమ్స్ బ్యాటరీ కేసులో మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడ్ రెండూ బ్యాటరీల వాళ్లకు తెలిసినవే. అయినా నీళ్లు పోస్తే చాలు పనిచేసే ఆ బ్యాటరీని నిపుణులు మొదట నమ్మలేదు. ఆ అపనమ్మకమే ఆడమ్స్‌కు కలిసొచ్చింది, పేటెంటు నిలిచింది. మన సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన బిశ్వనాథ్ ప్రసాద్ తీర్పు దీనికి పూర్తిగా ఎదురు. అది లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద పాత్రలను బిగించి పట్టే పద్ధతి గురించి. వర్క్‌షాపులో ఎవరైనా చేసుకోగల మార్పును మించి అందులో ఏమీ లేదని కోర్టు పేటెంటు కొట్టేసింది. భాగాలు దేనికది తన పాత పని తాను చేసుకుపోతుంటే మన పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) కూడా అడ్డొస్తుంది.

అపోహ: దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ అన్నీ పాతవేనని చూపడానికి ఎక్కువ పాత పత్రాలు అతికించాడంటే కేసు మనదే.

వాస్తవం: బొటనవేలి ఆకారంలోని మిఠాయికి అడిగిన పేటెంటును అమెరికాలో 13 పాత పత్రాలు చూపి తిరస్కరిస్తే, 1991లో అప్పీలు కోర్టు సమర్థించింది. లెక్క ముఖ్యం కాదు, వాటిని కలపడానికి కారణం చూపారా లేదా అన్నది ముఖ్యం. పాత పత్రాల్లో ఏముంది, దరఖాస్తులో ఏముంది, నిపుణుడు అక్కడి నుంచి ఇక్కడికి ఎలా చేరతాడు అన్నవి ఉత్తర్వులో ఉండాలని ఢిల్లీ హైకోర్టు 2022లో అగ్రిబోర్డ్ కేసులో చెప్పింది. నేనైతే ఉత్తర్వు చదివేటప్పుడు మొదట ఈ మూడో అంశం కోసమే వెతుకుతాను. తరచూ అదే కనిపించదు.

అపోహ: హైదరాబాదు వారి అప్పీలు తెలంగాణ హైకోర్టులో.

వాస్తవం: రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయానికి వెళ్తాయి కాబట్టి అప్పీలు మద్రాసు హైకోర్టుకే. ఇలాంటి అప్పీళ్లు వినే అప్పిలేట్ బోర్డు 2021లో రద్దయ్యాక ఇదీ దారి. గడువు 3 నెలలు. మీ ఆవిష్కరణను పాతవాటితో పోల్చిన పరీక్షల ఫలితాలేమైనా ఉంటే అప్పీలు దాకా దాచుకోకండి, దరఖాస్తుపై నిర్ణయం తీసుకునే కంట్రోలర్ ముందు విచారణ సమయంలోనే ఫైలులో పెట్టించండి.